పెళ్ళికి తగిన పంచె ఓడకు తగదా?

కేంద్ర ఓడరేవులు, నౌకాయాన, జలమార్గాల శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీ సర్బానంద సోనోవాల్ గారికి,

తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ సరిహద్దులో ఆరణి ఏటి ఒడ్డున ఉన్న ఊత్తుకోట నుంచి ఈ లేఖ రాస్తున్నాను. చెన్నై నుంచి నాగలాపురం మీదుగా తిరుపతి పోయే బస్సులు మా ఊరు దాటే పోవాలి. మాకు సముద్రం లేకపోయినా చెన్నై రేవు యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరమే. ఆ రేవులో 2022 జూన్ 4న ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ జెండా ఊపగా కార్డీలియా సంస్థవారి ఎంప్రెస్ నౌక విహారయాత్రలు మొదలుపెట్టింది. అదే నెలలో విశాఖపట్నం రేవుకూ వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖలో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను మీరే ప్రారంభించారు. 2024 సెప్టెంబరు 30న ముంబైలో క్రూయిజ్ భారత్ మిషన్‌ను ప్రారంభించి, 2029 నాటికి ఓడ విహారానికి వెళ్ళేవారి సంఖ్యను రెట్టింపు చేస్తామని కూడా మీరే చెప్పారు. ఆ పెరిగే సంఖ్య ఎక్కడి నుంచి రావాలి? ఇప్పటికే ఏటా సింగపూర్, దుబాయి తిరిగి వచ్చేవారు కొత్తగా పుట్టుకురారు. చిట్టీ ఎత్తిన డబ్బుతోనో, రిటైరైనప్పుడు చేతికొచ్చిన సొమ్ములో కాస్త పక్కన పెట్టో, పిల్లలు పంపిన పైకంతోనో జీవితంలో మొదటిసారి ఓడ ఎక్కే చిన్న ఊళ్ళవాళ్ళే రావాలి. ఊత్తుకోట, తిరుత్తణి, పుత్తూరు, నగరి లాంటి ఊళ్ళవాళ్ళు. అలాంటివారికి టికెట్ ధర తర్వాత ఎదురయ్యే రెండో గడప సాయంత్రపు దుస్తుల నియమం. ఆ గడప ఎత్తు తగ్గించడం మీ శాఖ చేతిలో ఉంది. దానికి ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు. అందుకే ఈ లేఖ.

విహార నౌకల్లో పగలంతా ఎవరి ఇష్టం వారిది. ఈత కొలను పక్కన నిక్కరుతో తిరిగినా, డెక్ మీద టీషర్టుతో పడుకున్నా అడిగేవారు ఉండరు. సాయంత్రం ఆరు దాటాక సంగతి వేరు. కొన్ని రాత్రులను ఫార్మల్ నైట్ అనో, గాలా ఈవెనింగ్ అనో ప్రకటిస్తారు. ఆ రాత్రి పెద్ద భోజనశాలలో అడుగు పెట్టాలంటే మగవారు టక్సీడోలోనో, టై కట్టిన ముదురు రంగు సూటులోనో ఉండాలి. ఆడవారు అందుకు తగిన గౌనుల్లోనో, అంతటి ఫార్మల్ దుస్తుల్లోనో ఉండాలి. వారం రోజుల యాత్రలో ఇలాంటి రాత్రులు మామూలుగా రెండు వస్తాయి. రెండు మూడు రాత్రుల చిన్న యాత్రల్లో ఒకటి ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. అట్లాంటిక్ మీద పెద్ద నౌకలు నడిచిన కాలంలో మొదటి తరగతి ప్రయాణికులు పెట్టుకున్న ఆనవాయితీ ఇది. ఎక్కిన మొదటి రాత్రి, దిగే ముందు రాత్రి ఆ పట్టింపు ఉండేది కాదు. కారణం చాలా మామూలుది: పెద్ద పెద్ద పెట్టెలు విప్పి, బట్టలు తీసి ఇస్త్రీ చేసి పెట్టడానికి నౌకర్లకు వ్యవధి కావాలి. అంటే ఈ నియమం పుట్టిందే సామాను మోయడానికీ బట్టలు సర్దడానికీ వేరే మనుషులు ఉన్నవారి కోసం. ఇవాళ చక్రాల పెట్టె తానే ఈడ్చుకుంటూ ఎక్కే ప్రయాణికుడి మీద అదే నియమం పెడుతున్నాం.

ఖర్చు లెక్క చూడండి. సూటు అంటే ఒక్క కోటు కాదు. కోటు, ప్యాంటు, దాని కింద పూర్తి చేతుల చొక్కా, టై, బెల్టు, తోలు బూట్లు, ముదురు రంగు మేజోళ్ళు. ఏడు వస్తువుల్లో ఒక్కటి లేకపోయినా మిగతా ఆరూ వెలవెలబోతాయి. మే నెలలో నలభై డిగ్రీలు దాటే మా తిరువళ్ళూరు జిల్లాలో కోటు వేసుకునే సందర్భం ఏడాదికి ఒకటి కూడా రాదు. రెండు రాత్రుల కోసం కొన్న సూటు ఆ తర్వాత బీరువాలో కలరా ఉండల వాసనకు అలవాటు పడాల్సిందే. పెరిగే పిల్లవాడికి కుట్టించినదైతే వచ్చే యాత్రకు చేతులు పొట్టివి. అద్దెకు తీసుకోవచ్చు కదా అంటారు. పెళ్ళికి అద్దె సూటు పొద్దున తెచ్చి మర్నాడు తిరిగి ఇచ్చేస్తారు. ఓడ మీద వేసుకునే సూటు బయలుదేరిన రోజు నుంచి తిరిగి ఇల్లు చేరేదాకా చేతిలోనే ఉంటుంది. అద్దె రోజుల లెక్కన పెరుగుతుంది, ముందుగా కట్టిన డిపాజిట్ అంతదాకా చిక్కుకుంటుంది. ముంబై నుంచి ఓడ ఎక్కాల్సినవారు విమానంలో పోతే మామూలు టికెట్‌కు దేశంలో ఇచ్చేది పదిహేను కిలోల సామాను. అందులో బూట్లు, కోటు ఎంత తింటాయో సర్దినవారికి తెలుసు. నలుగురున్న ఇంట్లో ఇద్దరు మగవాళ్ళుంటే ఈ లెక్క రెండింతలు.

ఇదే కుటుంబంలో ఇల్లాలి సంగతి చూడండి. ఆమె కొత్తగా ఏమీ కొననక్కరలేదు. పెళ్ళికి పెట్టిన కంచి పట్టుచీర తీసి కట్టుకుంటే చాలు, ప్రపంచంలో ఏ నౌకలోనైనా ఏ భోజనశాలలోనైనా తలుపు తెరుచుకుంటుంది. చీర ఫార్మల్ దుస్తేనా అని అడిగినవారు లేరు. పైగా పక్క బల్లవారు వచ్చి ఫోటో తీసుకుంటామంటారు. అదే చీరకు జోడుగా, అదే పెళ్ళిలో ఆమె భర్త కట్టుకున్న జరీ అంచు పట్టు పంచె ఉంటుంది. తెల్లని లాల్చీ, భుజాన మడత నలగని కండువా. రెండూ ఒకే దుకాణంలో కొన్నవి, ఒకే ముహూర్తానికి కట్టుకున్నవి. చీరకు నియమంలో చోటు దొరికింది. పంచె విషయంలో నియమాలు చాలాచోట్ల నోరు విప్పవు. నోరు విప్పని నియమానికి అర్థం చెప్పేది తలుపు దగ్గర నిలబడ్డ ఉద్యోగి. అతను ఏ దేశం నుంచి వచ్చాడో, పంచెను ఎన్నిసార్లు చూశాడో, ఆ రోజు పైఅధికారి ఏమన్నాడో వాటి మీద ఈయన రాత్రి భోజనం ఆధారపడి ఉంటుంది. ఆ అవమానం ఎందుకని ముందే భయపడి, అప్పు చేసైనా సూటు కొనేస్తారు. కాబట్టి తక్కువ ఖర్చులో ఫార్మల్ నైట్ దాటడం ఎలా అనే ప్రశ్నకు మా ప్రాంతంలో జవాబు ఇంట్లోనే ఉంది. ఆ జవాబు చెల్లుతుందని రాతపూర్వకంగా చెప్పేవారే లేరు.

ఈ తేడా ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. తెల్లవారి పాలనలో కచేరీలకు, కోర్టులకు, కాలేజీలకు వెళ్ళిన మగవాళ్ళు కోటు, ప్యాంటు తొడుక్కున్నారు. కొందరు పంచె మీద కోటు వేసి, తలపాగా చుట్టి సగం దారిలో ఆగారు. ఆడవాళ్ళు చీర వదలలేదు. అందుకే విదేశాల విందులకు మన దేశం తరఫున చీర వెళ్ళింది, పంచె ఇంటి దగ్గర ఉండిపోయింది. ప్రపంచం చూసినదాన్నే గుర్తిస్తుంది. పంచెను చూడలేదు కాబట్టి అది పడక మీది బట్టో, పొలం బట్టో అనుకుంది. ఇందులో ఓడ కంపెనీల తప్పుకన్నా మన మొహమాటం ఎక్కువ. అయితే చూపించిన చోట గుర్తింపు వచ్చింది. 2019 డిసెంబరు 10న స్టాక్‌హోంలో నోబెల్ బహుమతి అందుకోవడానికి అభిజిత్ బెనర్జీ బంద్‌గలా కోటు కింద పంచె కట్టుకుని వెళ్ళారు. ఆయన భార్య, ఆయనతో పాటు బహుమతి పంచుకున్న ఎస్తేర్ డుఫ్లో చీర కట్టుకున్నారు. నోబెల్ సభలో మగవారి నియమం వైట్ టై, అంటే తోక కోటు, తెల్లటి బో. ఓడల్లో అడిగే టక్సీడోకన్నా అది ఒక మెట్టు పైది. అయినా జాతీయ దుస్తులకు అక్కడ చోటు ఉంది. స్వీడన్ రాజు ఎదుట చెల్లిన పంచె బంగాళాఖాతంలో తేలే భోజనశాలలో చెల్లదనడానికి ఏ వాదం నిలబడుతుంది?

ఓడల లోకంలోనూ దీనికి ఉదాహరణ ఉంది. దుస్తుల విషయంలో అందరికన్నా పట్టింపు ఎక్కువగా ఉన్న కంపెనీ ఏదంటే క్యూనార్డ్ పేరే చెబుతారు. క్వీన్ మేరీ 2 లాంటి నౌకల్లో గాలా రాత్రి టక్సీడో, డిన్నర్ జాకెట్, ముదురు రంగు సూటు అడుగుతారు. అదే నియమంలో ఫార్మల్ జాతీయ దుస్తులు, సైనిక యూనిఫారం కూడా చెల్లుతాయని రాసి ఉంటుంది. ఒక్క చిన్న మాటతో స్కాట్లండువాడి కిల్టుకూ, జపానువాడి కిమోనోకూ, మన పంచెకూ దారి ఏర్పడింది. అంత పట్టింపు ఉన్నవారు ఆ మాట రాయగలిగినప్పుడు మన రేవుల నుంచి నడిచే నౌకలు రాయలేకపోవడానికి కారణం కనిపించదు. మన దేశంలోనే ఇంకా దగ్గరి ఉదాహరణ నౌకాదళం. 2024 ఫిబ్రవరిలో నౌకాదళం తన అధికారుల మెస్సుల్లో, నావికుల ఇన్‌స్టిట్యూట్లలో కుర్తా పైజామాకు అనుమతి ఇచ్చింది. ఏదో ఒక కుర్తా వేసుకు రమ్మనలేదు. కుర్తా ఒకే రంగులో ఉండాలి, పొడవు మోకాలికి కాస్త పైదాకా, చేతులకు కఫ్ ఉండాలి, పైజామా బిగువుగా ఉండాలి, పైన చేతుల్లేని జాకెట్ అంటూ కొలతలు చెప్పింది. భారతీయ దుస్తులకు క్రమశిక్షణ ఉండదనేవారికి ఇదే సమాధానం. ఏ దుస్తులనైనా ఫార్మల్ చేసేది బట్ట నాణ్యత, కట్టు తీరు, శుభ్రత. వాటిని కొలతల్లో రాయొచ్చు. నౌకాదళం రాసి చూపించింది.

తమిళనాడులో దీనికి చట్టమే ఉంది కదా అని మీ అధికారులు అనవచ్చు. నిజమే. 2014 జూలైలో మద్రాస్ హైకోర్టు న్యాయమూర్తి డి. హరిపరంధామన్ ఒక పుస్తకావిష్కరణకు వేష్టి (పంచె) కట్టుకుని వెళితే చెన్నై చేపాక్కంలోని క్రికెట్ సంఘం క్లబ్బులోకి రానివ్వలేదు. రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది. అదే ఏడాది ఆగస్టులో శాసనసభ చట్టం చేసింది. క్లబ్బు, సంఘం, ట్రస్టు, కంపెనీ, సొసైటీ ఏదైనా సరే, వేష్టి గాని మరే భారతీయ సంప్రదాయ దుస్తులు గాని ధరించినవారిని తన అధీనంలోని బహిరంగ స్థలంలోకి రాకుండా అడ్డుకునే నియమం పెట్టరాదు. ఉల్లంఘిస్తే లైసెన్సు రద్దు, ఏడాది దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. మంచి చట్టం. దాని చేయి మాత్రం ఒడ్డు దాటి ఎక్కువ దూరం పోదు. మన ప్రాదేశిక జలాలు తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ దాకానే. ఆ పైన నడిసముద్రంలో నౌక మీద వర్తించేది దాని జెండా ఏ దేశానిదో ఆ దేశపు చట్టం. విహార నౌకల్లో ఎక్కువ భాగం బహామాస్, పనామా, మాల్టా లాంటి దేశాల జెండాలతో తిరుగుతాయి. భోజనాల గంట మోగే వేళకు నౌక ఆ గీత దాటే ఉంటుంది. చేపాక్కంలో న్యాయమూర్తికి జరిగిన అవమానం తర్వాత వచ్చిన రక్షణ చెన్నై రేవు నుంచి రెండు గంటల దూరంలో మామూలు ప్రయాణికుడికి దక్కుతుందన్న భరోసా లేదు. అందుకే ఈ లేఖ రాష్ట్ర ప్రభుత్వానికి కాకుండా మీకు. రేవు మీ శాఖది. రేవులో రుసుముల రాయితీ, బెర్తు కేటాయింపులో ముందు వరుస, విదేశీ జెండా నౌకలు మన రేవు నుంచి మన రేవుకే ప్రయాణికులను తీసుకుపోవడానికి కేబొటాజ్ సడలింపు, ఇవన్నీ ఢిల్లీ ఇచ్చిన సౌకర్యాలు. ఇచ్చేవారికి ఒక చిన్న షరతు పెట్టే హక్కు ఉంటుంది.

ఇక అభ్యంతరాలు. మొదటిది, ప్రైవేటు కంపెనీ తన భోజనశాలకు తనకు నచ్చిన నియమం పెట్టుకుంటుంది, టికెట్ కొన్నవాడు ఒప్పుకున్నట్టే అనేది. ఒప్పుకోవడానికి ముందు తెలియాలి కదా. ఈ నియమం చాలాసార్లు డబ్బు కట్టాక వచ్చే సూచనల కాగితంలోనో, ఓడ ఎక్కాక గదిలో పెట్టే దినపత్రంలోనో, అదీ ఇంగ్లిషులో కనబడుతుంది. పైగా పెద్ద భోజనశాలలో భోజనం టికెట్ ధరలోనే కలిపి ఉంటుంది. సూటు లేకపోతే బఫేకు వెళ్ళండి, ఆకలితో పడుకోనక్కరలేదు కదా అనేవారు ఈ సంగతి మరిచిపోతారు. డబ్బు కట్టిన సేవను దుస్తుల పేరు మీద తగ్గించి, ధర మాత్రం తగ్గించకపోతే దాన్ని ఏ వినియోగదారుల చట్టమూ మెచ్చుకోదు. బఫేకు పోవడం ప్రయాణికుడు తానుగా ఎంచుకుంటే వేరు. పంపించేస్తే వేరు.

రెండోది, ఆ రాత్రి అందం చెడిపోతుందనేది. ఇది తోసిపుచ్చదగిన అభ్యంతరం కాదు. ముచ్చటపడి సూటు కుట్టించుకుని, పిల్లల్ని ముస్తాబు చేసి వచ్చినవారికి పక్క బల్ల దగ్గర చెమట బనీను కనిపిస్తే మనసు చివుక్కుమంటుంది. అందరూ శ్రద్ధగా తయారై కూర్చున్న సభకు ఒక నిండుదనం ఉంటుంది. దాన్ని తీసేయమని ఈ లేఖ అడగడం లేదు. అలా తీసేసిన కంపెనీలున్నాయి. నార్వేజియన్ సంస్థ 2000లోనే ఎవరిష్టం వారిదని ఫ్రీస్టైల్ పద్ధతి తెచ్చింది. వర్జిన్ వాయేజెస్‌లో ఫార్మల్ నైట్ లేనే లేదు. అది వారి దారి. నా మనవి వేరు. ఫార్మల్ నైట్ ఉండనివ్వండి, అందులో మన ఫార్మల్ దుస్తులకు చోటివ్వండి. లుంగీతో వస్తామంటే వెనక్కి పంపండి. పొలానికి కట్టే నూలు పంచెతో, మాసిన కండువాతో వస్తే పంపండి. ప్యాంటుల్లో జీన్సు ఉన్నట్టు, పెళ్ళికొడుకు సూటు ప్యాంటు ఉన్నట్టు పంచెల్లోనూ మెట్లున్నాయి. తమిళనాడు ప్రభుత్వం 1983 నుంచి పొంగల్‌కు పేదలకు ఉచితంగా పంచుతున్న పంచె ఒక మెట్టు. చేతి వెడల్పు జరీ అంచుతో పెళ్ళి పీటల మీదికి వచ్చే ఎనిమిది మూరల పట్టు పంచె మరో మెట్టు. ఆ తేడా మా ఊళ్ళో చిన్నపిల్లవాడికి తెలుసు. ఓడ సిబ్బందికి ఒక పూట శిక్షణలో తెలిసిపోతుంది.

ఇక్కడ కంపెనీలనూ ఒక మాట అడగాలి. దుస్తుల నియమం మారకూడని శాసనమేమీ కాదని వారే చూపించారు. సెలబ్రిటీ సంస్థ 2015లో తన ఫార్మల్ నైట్‌లను ఎత్తేసి ఈవెనింగ్ షిక్ అనే పేరుతో కొత్త నియమం పెట్టింది. అందులో మగవారికి డిజైనర్ జీన్సు కూడా చెల్లుతుంది. ఎందుకు మార్చారు? టై కట్టుకోవడం విసుగైన ప్రయాణికులు అడిగారు కాబట్టి. అంటే ఒక అమెరికా ప్రయాణికుడి సౌకర్యం కోసం గనుల్లో పనివాళ్ళ బట్టగా మొదలైన జీన్సును పెద్ద భోజనశాలలోకి తీసుకురాగలిగారు. మన ప్రయాణికుడు సౌకర్యం కోసం మెట్టు దిగనివ్వమని అడగడం లేదు. తన దగ్గరున్నవాటిలో అత్యుత్తమమైనదాన్ని కట్టుకుని వస్తానంటున్నాడు. రెండింటిలో ఏది ఆ రాత్రికి ఎక్కువ గౌరవం ఇస్తుందో నిదానంగా ఆలోచిస్తే తేలిపోతుంది.

మూడోది, నౌక కదులుతుంటే పంచె కాలికి అడ్డం పడుతుంది, అపాయం అనేది. పంచెను అడ్డంగా చుట్టినా, గోచిపోసి కట్టినా దానితోనే మావాళ్ళు ఏడడుగులు నడుస్తారు, తిరుత్తణి కొండ మెట్లు ఎక్కుతారు, రథం లాగుతారు. గోచిపోసి కట్టిన పంచెలో పరుగెత్తవచ్చు కూడా. అంతగా నమ్మకం లేనివారికి నడుముకు అంటించుకునే వెల్‌క్రో పంచెలు బజారులో దొరుకుతున్నాయి. ప్రమాదం వస్తే ఏం చేయాలో నేర్పే మస్టర్ డ్రిల్ అందరికీ తప్పనిసరి. అక్కడ లైఫ్ జాకెట్ చీర మీదా సూటు మీదా ఒకేలా బిగుసుకుంటుంది. నేల తాకే గౌనుకూ, ఎత్తు మడమల చెప్పులకూ లేని భయం పంచె ఒక్కదానికే ఎందుకు?

నాలుగోది, దేశంలో ఇన్ని సమస్యలుండగా ఓడ విహారాలకు పోయేవారి బట్టల గొడవ ఒకటా అనేది. ఓడ విహారం ధనికుల వినోదంగానే ఉండాలనుకుంటే ఈ మాట సరే. కాని ప్రభుత్వ ధనంతో టెర్మినళ్ళు కట్టి, మిషన్ ప్రకటించి, సామాన్యుడిని రమ్మని పిలుస్తున్నది మీరే. పిలిచినప్పుడు వచ్చేవాడి చేతిలో ఉన్నదేమిటో చూసుకోవాలి. పైగా ఇందులో మా ప్రాంతపు పొట్టకూటి సంగతి కూడా ఉంది. మా జిల్లాలో పళ్ళిపట్టు, ఆర్.కె. పేట, పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం నేత ఊళ్ళు. ఆంధ్ర వైపు నగరి, ఏకాంబరకుప్పం మగ్గాల మీదే బతుకుతున్నాయి. 2015 ఆగస్టు 7న తొలి జాతీయ చేనేత దినోత్సవాన్ని ప్రధానమంత్రి చెన్నైలోనే ప్రారంభించారు. ఏటా ఆ రోజున చేనేత కట్టండి అని పిలుపు వస్తుంది. కట్టుకుని వెళ్ళడానికి చోట్లు పెంచకుండా కట్టమంటే ఎవరు కడతారు? సూటుకు పెట్టే డబ్బులో కొంత భాగం పంచెకు, కండువాకు మళ్ళినా అది ఈ ఊళ్ళకు చేరుతుంది.

మా తీరానికీ ఓడలకూ ఉన్న సంబంధం కొత్తది కాదు. మా జిల్లాలోని పులికాట్‌లో డచ్చివారు 1613 నాటికే గెల్డ్రియా కోట కట్టుకుని కూర్చున్నది ఈ తీరపు బట్ట కోసమే. పులికాట్ రుమాళ్ళ పేరు సముద్రాలు దాటింది. మద్రాస్ గళ్ళ బట్ట పశ్చిమాఫ్రికాలో పండుగ బట్ట అయింది. 1950ల చివర అమెరికాలో బ్రూక్స్ బ్రదర్స్ దుకాణం దాన్ని తెప్పించి అమ్మింది; మద్రాస్ చెక్స్ కోట్లు అక్కడి ఉన్నవారి వేసవి విహారాల ముచ్చటగా మారాయి. అదే తీరం నుంచి మనుషులూ ఓడ ఎక్కారు. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో నౌక 342 మందిని నవంబరు 16న దక్షిణాఫ్రికాలో నేటాల్‌లోని దర్బన్ రేవులో దింపింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు చెరుకు తోటల కూలికి వెళ్ళినవారిలో మా పాత జిల్లాలైన చెంగల్పట్టు, ఉత్తర ఆర్కాటువాళ్ళు, విశాఖ జిల్లావాళ్ళు ఎంతోమంది. వారిలో తెలుగువాళ్ళూ తమిళులూ కలిసే ఉన్నారు. వారిని ఏం కట్టుకున్నారని ఎవరూ అడగలేదు, ఎందుకంటే వారు భోజనశాలకు పిలవబడినవారు కాదు. మన బట్ట ఓడ ఎక్కితే బంగారంలా చూశారు, కట్టుకున్న మనిషి ఎక్కితే సరుకులా చూశారు. ఆ చరిత్రను ఒక దుస్తుల నియమంతో సరిదిద్దలేం. కాని ఇప్పుడు అదే రేవుల నుంచి, టికెట్ కొనుక్కుని, అతిథులుగా ఎక్కుతున్నవారి విషయంలోనైనా నియమం సరిగ్గా రాసుకోవచ్చు.

కాబట్టి మీ శాఖ ముందు పెడుతున్న మనవులు ఇవి. భారతీయ రేవుల నుంచి ప్రయాణికులను ఎక్కించుకునే ప్రతి విహార నౌకా ఏ రాత్రికి ఏ దుస్తుల నియమం ఉందో టికెట్ అమ్మడానికి ముందే చెప్పాలి. చెన్నై, విశాఖ రేవుల నుంచి నడిచేవైతే తెలుగులో, తమిళంలో కూడా. ఆ నియమంలో పట్టు లేదా జరీ అంచు పంచె, వేష్టి, దాని మీద లాల్చీ లేదా చొక్కా, కండువా, షేర్వానీ, బంద్‌గలా, జాకెట్‌తో కుర్తా పైజామా, చీర, లంగా ఓణీ పేరుపేరునా రాయాలి. పంచె మీదికి బూట్లు నప్పవు కాబట్టి శుభ్రమైన తోలు చెప్పులు చెల్లుతాయని కూడా రాయాలి. ఈ ఒక్క మాట లేకపోతే పై మాటలన్నీ గుమ్మం దగ్గర వృథా అవుతాయి. ఈ దుస్తుల్లో వచ్చినవారిని వెనక్కి పంపే అధికారం గుమ్మం దగ్గరి ఉద్యోగికి ఉండకూడదు. పంపాల్సి వస్తే పైఅధికారి కారణం రాసి ఇవ్వాలి, దానిపై మీ శాఖకు ఫిర్యాదు చేసే దారి ఉండాలి. రేవు రుసుముల రాయితీ పొందే కంపెనీలకు ఇది షరతుగా పెట్టండి. చెన్నై, విశాఖ టెర్మినళ్ళలో చేనేత సహకార సంస్థలైన కో-ఆప్టెక్స్‌కూ, ఆప్కోకూ చెరొక చిన్న దుకాణం ఇవ్వండి. ఇంట్లో పట్టు పంచె లేనివాడు అక్కడ కొనుక్కుని ఎక్కుతాడు; సూటులా కాకుండా అది ఆ తర్వాత ప్రతి పెళ్ళికీ, ప్రతి పండక్కీ పనికొస్తుంది.

తోటి ప్రయాణికులకూ ఒక మాట. ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చేదాకా ఆగనక్కరలేదు. టికెట్ కొనే ముందే ఏజెంటును అడగండి: ఫార్మల్ రాత్రులు ఎన్ని, పట్టు పంచె, కండువా చెల్లుతాయా అని. జవాబు నోటిమాటగా కాకుండా ఈమెయిలులో తీసుకోండి, దాన్ని ముద్రించి పెట్టెలో పెట్టుకోండి. చెల్లదంటే వేరే నౌక చూసుకోండి. అడిగేవాళ్ళు పదిమందైతే నియమం దానంతట అదే మారుతుంది. సూటు ఇష్టమై వేసుకునేవారు నిరభ్యంతరంగా వేసుకోండి, అది మీకు బాగుంటే చాలు. భయపడి మాత్రం కొనకండి. భయపడి పెట్టిన ఖర్చుతో సరదా సగం చస్తుంది.

మంత్రిగారూ, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. ఆ సరిహద్దుకు ఇటూ అటూ భాషల మీద చాలా వాదాలు జరిగాయి, ఇంకా జరుగుతాయి. పెళ్ళిలో మగవాడు ఏం కట్టుకోవాలన్న దాని మీద మాత్రం రెండు వైపులా ఒక్కటే మాట. ఆ మాటను మీ నియమాల పుస్తకంలో ఒక్క వాక్యంగా చేర్చండి. ఆ వాక్యం వల్ల ఏ కంపెనీకీ నష్టం లేదు, ఏ ప్రయాణికుడికీ ఇబ్బంది లేదు. మీరు కోరుకుంటున్న కొత్త ప్రయాణికుల్లో చాలామందికి మాత్రం ఓడ టికెట్ కొనడానికి అదే ధైర్యం ఇస్తుంది. వచ్చే విహారాల కాలం మొదలయ్యే లోపల ఉత్తర్వు జారీ చేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఊత్తుకోట నుంచి ఒక తెలుగు పౌరుడు